డెట్రాయిట్‌కి చదువుకి వస్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఇక్కడ అమెరికాలో, డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో నీకు సీటొచ్చిందని తెలిసినప్పటి నుంచి మీ అమ్మకి నిద్ర లేదు. డెట్రాయిట్ అని గూగుల్‌లో కొడితే కాలిపోయిన ఇళ్ళూ తుపాకులూ వస్తుంటే ఏ తల్లికైనా టెన్షన్ ఉంటుంది. ఆ ఫొటోలు అబద్ధమని నేను చెప్పను. 1950లో 18 లక్షలకు పైగా జనం ఉన్న ఊరు 2020 నాటికి ఆరు లక్షల నలభై వేలకు తగ్గిపోయింది, 2013లో ఊరే దివాలా తీసింది, జనం వదిలేసి వెళ్ళిన ఇళ్ళు చాలా చోట్ల అలాగే ఉండిపోయాయి. కానీ ఆ తర్వాత చాలా మారింది. 2024లో ఇక్కడ 203 హత్యలు జరిగాయి, 1965 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఈ జనాభాకి అది ఇప్పటికీ ఎక్కువే, అందుకే ఏం కాదులే అని ఊరికే ధైర్యం చెప్పి వదిలేయను. దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో చెప్తాను.

ముందు ఇల్లు. మీ క్యాంపస్ మిడ్‌టౌన్‌లో వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన ఉంది. దగ్గర్లోనే పెద్ద ఆర్ట్ మ్యూజియం, ఆసుపత్రులు, పొద్దుపోయాక కూడా మనుషుల అలికిడి ఉంటుంది. యూనివర్సిటీకి సొంత పోలీసులున్నారు, వాళ్ళు క్యాంపస్‌లోనే కాదు, చుట్టుపక్కల వీధుల్లోనూ తిరుగుతారు. మొదటి ఏడాది అద్దె కాస్త ఎక్కువైనా నడిచి వెళ్ళే దూరంలోనే ఉండు. వాట్సాప్ గ్రూపులో ఎవరో రెండు మైళ్ళ అవతల సగం అద్దెకి రూమ్ ఉందంటారు. ఈ ఊళ్ళో ఒక వీధి శుభ్రంగా, పూలమొక్కలతో ఉంటుంది, పక్క వీధిలో సగం ఇళ్ళు ఖాళీగా ఉంటాయి, కాబట్టి ఏరియా పేరు కాదు, వీధి పేరూ ఇంటి నంబరూ అడుగు. వీడియో కాల్‌లో ఇల్లు చూడకుండా, లీజు చదవకుండా ఎవరికీ అడ్వాన్స్ పంపకు.

ఇప్పుడు నాకు నిజంగా భయం వేసే విషయం. 2024 నవంబరులో షికాగో దగ్గర, 2025 అక్టోబరులో టెక్సాస్‌లో మన తెలుగు పిల్లల్ని కాల్చి చంపేశారు. ఇద్దరూ గ్యాస్ స్టేషన్‌లో, అంటే పెట్రోల్ బంకులో, ఉండగానే. టెక్సాస్ అంటే మనవాళ్ళెవరూ భయపడరు, పిల్లల్ని నిశ్చింతగా పంపిస్తారు. రాత్రిపూట గల్లాపెట్టె ముందు ఒంటరిగా నిలబడే పని ఏ ఊళ్ళోనైనా ప్రమాదమే, అందులోనూ నీ ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి క్యాంపస్ బయట అనుమతి లేకుండా పని చేయకూడదు. క్యాంపస్‌లో అయితే సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల వరకు చేసుకోవచ్చు. లైబ్రరీ, కెఫెటీరియా, ల్యాబ్, ఏది దొరికితే అది చెయ్యి. దొరకడం లేటైతే, లోన్ వాయిదా మీదకొస్తే, మొహమాటపడకుండా నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి షిఫ్టుకి మాత్రం వెళ్ళకు. ఈ లెటర్‌లో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకో.

వచ్చీ రాగానే కారు కొనొద్దు. మన మిషిగన్ రాష్ట్రంలో కారు ఇన్సూరెన్స్ చాలా ఎక్కువ, డెట్రాయిట్ అడ్రస్ అయితే ఇంకా ఎక్కువ. చాలామంది పిల్లలు శివార్లలో ఉన్న బంధువుల అడ్రస్ ఇచ్చి తగ్గించుకుంటారు, నువ్వూ శివార్లలో ఉన్న మా కాంటన్ ఇంటి అడ్రస్ అడుగుతావేమో, నేను ఇవ్వను. రేపు యాక్సిడెంట్ అయితే కంపెనీ డబ్బు ఇవ్వనంటుంది, మోసం కింద కేసు కూడా పెట్టొచ్చు. వుడ్‌వర్డ్ మీద ట్రామ్ ఉంది, సిటీ బస్సులున్నాయి, కూరగాయలకి శనివారం ఈస్టర్న్ మార్కెట్‌కి వెళ్ళొచ్చు. ఎవరి కారెక్కినా సీటు మీద బ్యాగు వదలకు, అద్దం పగలగొట్టి తీసుకుపోతారు.

ఇంకో మాట, ఇది మనవాళ్ళు పైకి అనరు. ఈ ఊళ్ళో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. మనవాళ్ళలో కొందరు చర్మం రంగు చూసి రోడ్డు దాటేస్తారు, అది నాకు సిగ్గుగా ఉంటుంది. బస్టాపులో పలకరిస్తే నవ్వుతూ జవాబు చెప్పు. ఏ వీధిలో జాగ్రత్తగా ఉండాలో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు చెప్పినంత బాగా మన గ్రూపుల్లో ఎవరూ చెప్పలేరు. రాత్రి పదకొండింటికి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ నడవకు, అంతే.

మందపాటి కోటు హైదరాబాద్‌లో కొనొద్దు, ఇక్కడి జనవరి చలి దానికి ఆగదు. ఇక్కడే కొందాం.

ఇల్లు ఖాయం చేసే ముందు అడ్రస్ పంపు. నేనూ మీ బాబాయీ వెళ్ళి పగలొకసారి, చీకటి పడ్డాక ఒకసారి ఆ వీధి చూసి మీ అమ్మకి వీడియో పెడతాం.

మీ పిన్ని