రెండో భాగం సగంలో మూసేసిన పిల్లాడికి మూడోది కొనాలా?

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. మీ వాడిని చూసి కాదు, నన్ను నేను తలచుకుని. తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి, ఏడాదిగా ఎదురుచూసిన ఫాంటసీ నవల రెండో భాగాన్ని సగంలో పక్కన పడేశాడు. అడిగితే "బాలేదు" అన్న ముక్క తప్ప ఇంకేమీ చెప్పట్లేదు. మూడోది కొనాలా వద్దా అని మీ సందేహం. అచ్చం ఇదే నాకు 2006లో జరిగింది.

అప్పుడు మేం విశాఖ ఉక్కునగరంలో స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నేను ఇంటర్. క్లాస్‌మేట్ ఒకడు 'ఎరగాన్' అనే ఫాంటసీ నవల ఇస్తే, ఫిజిక్స్ గైడ్ చాటున పెట్టుకుని మూడు రాత్రుల్లో లాగించేశాను. పల్లెటూరి కుర్రాడు వేటకెళితే నీలం రాయి దొరుకుతుంది, తీరా చూస్తే అది డ్రాగన్ గుడ్డు. రాసిన క్రిస్టఫర్ పావోలినీ ఆ కథ మొదలుపెట్టేనాటికి పదిహేనేళ్ళవాడని, 2002లో ఇంట్లోవాళ్ళే అచ్చువేసి అమ్మారని, మరుసటేడు పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుందని తెలిశాక పిచ్చి ఇంకా ముదిరింది. నేనూ ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ పక్కన గూడు కట్టుకున్న డ్రాగన్ కథ మొదలుపెట్టాను. నాలుగు పేజీలు దాటలేదనుకోండి, అది వేరే సంగతి.

రెండో భాగం 'ఎల్డెస్ట్' 2005 ఆగస్టులో వచ్చింది. నా చేతికి వచ్చేసరికి ఎంసెట్ కూడా అయిపోయింది. ఆరోజు నాన్నకి బి షిఫ్ట్. పరీక్ష బాగా రాశానన్న నా మాట నమ్మి, పొద్దున్నే ద్వారకానగర్ తీసుకెళ్ళి కొనిపెట్టి, రెండింటికల్లా డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆరువందల పైచిలుకు పేజీల పుస్తకాన్ని అమ్మ చేత్తో తూచినట్టు ఎత్తి చూసి, "ఇదేట్రా, నిఘంటువా?" అంది.

కథలో హీరో ఎరగాన్, ఎల్ఫ్‌ల (మనుషుల్లాగే ఉండి, మంత్రాలు తెలిసిన ఒక జాతి) అడవికి వెళ్ళి ఓరోమిస్ అనే ముసలి గురువు దగ్గర చేరతాడు. ఇక చదువే చదువు. ప్రాచీన భాష, తర్కం, తెల్లారగట్ల వ్యాయామాలు, రోజూ అడవిలో ఒక మొద్దు మీద కూర్చుని చుట్టూ ఉన్న ప్రాణులన్నిటినీ మనసుతో వినడం. ఒకచోట చీమల్ని గమనిస్తూ కూర్చుంటాడు. రెండేళ్ళపాటు పొద్దున్న ఐదింటికి లేచి కోచింగ్‌కి పరిగెత్తి అప్పుడే బయటపడ్డవాణ్ణి నేను. డ్రాగన్ మీద ఎగరాల్సినవాడు స్టడీ అవర్స్‌లో కూర్చుంటే నాకెలా ఉంటుంది?

కానీ నా అసలు కోపం దాని మీద కాదు, ఒక మచ్చ మీద. (ఇక్కడినుంచి కథ విప్పేస్తున్నాను, చదవాలనుకునేవాళ్ళు కిందికి వెళ్ళిపోండి.) మొదటి భాగం చివర్లో డర్జా అనే దుష్ట మాంత్రికుణ్ణి చంపే పోరాటంలో ఎరగాన్ వీపు మీద లోతైన కత్తి దెబ్బ పడుతుంది. గెలిచాడుగానీ ఒళ్ళు పాడైంది. రెండో భాగంలో సాధన చేస్తుంటే ఉన్నట్టుండి నొప్పి వచ్చి, కత్తి వదిలేసి నేలమీద గిలగిలా కొట్టుకుంటాడు. వానిర్ అనే ఎల్ఫ్ వాణ్ణి వెక్కిరిస్తూ ఓడిస్తుంటాడు. ఇదంతా నాకు భలే నచ్చింది. గెలిచినందుకు వీడు చెల్లించింది ఇదీ, ఇక ఈ వీపుతోనే యుద్ధానికి వెళ్ళాలి, ఎలా వెళతాడో చూద్దాం అని పేజీలు తిప్పుతున్నాను. అంతలో నూరేళ్ళకోసారి వచ్చే ఎల్ఫ్‌ల పండుగ. మాయా డ్రాగన్ ఒకటి ప్రత్యక్షమై వాణ్ణి తాకుతుంది. లేచేసరికి మచ్చ లేదు, నొప్పి లేదు. పైగా ఎల్ఫ్‌ల బలం, వాళ్ళ అందం కూడా వచ్చేశాయి. ఆ తర్వాత బరిలోకి దిగి వానిర్ చెయ్యి విరగ్గొడతాడు.

అక్కడ మూసేశాను. వాడికి నయమైనందుకు నేను సంతోషించాలి కదా? నాకేమో, ఇన్ని పేజీలుగా వాడితోపాటు నేను పడ్డ బాధని లెక్కలోంచి కొట్టేసినట్టు అనిపించింది.

ఆ ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ ఆ క్లాస్‌మేట్‌తో ఇదే గొడవ. "అంత బలం వచ్చినా చివర్లో ముర్తాగ్ చేతిలో ఓడిపోతాడు కదరా, అందుకే పెట్టాడు అది" అన్నాడు. ముర్తాగ్ అంటే మొదటి భాగంలో ఎరగాన్ స్నేహితుడు. నేనింకా అక్కడిదాకా చదవలేదు! వారం రోజులు వాడితో మాట్లాడలేదు. తర్వాత ఆలోచిస్తే వాడన్నదాంట్లో పాయింట్ లేకపోలేదు. కానీ ముర్తాగ్‌కి ఆ బలం దుష్ట రాజుకి బలవంతాన బానిస అయ్యాక వచ్చింది. మనవాడు పండక్కి వెళ్ళి తెచ్చుకున్నాడు.

మళ్ళీ ఎందుకు తెరిచానంటే, సెలవుల్లో ఇంకేమీ తోచక. ఈసారి ఎరగాన్ అధ్యాయాలు దాటేసి, వాడి బంధువు రోరన్‌వి మాత్రమే వరుసగా చదివాను. రోరన్‌కి మంత్రాల్లేవు, డ్రాగన్ లేదు, చేతిలో ఒక సుత్తి. సైనికులు మీద పడితే ఊరు ఊరంతటినీ లేవదీసి, కొండలు దాటించి, ఓడ దొంగిలించి తీసుకుపోతాడు. స్టీల్ ప్లాంట్ కోసం ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితుల పిల్లలు మా క్లాసులో ఉండేవారు. అందుకేనేమో, ఇళ్ళు వదలాలా వద్దా అని ఊరివాళ్ళు వాదించుకునే చోట్లు నాకు వేరేగా తగిలాయి. అప్పటినుంచి ఎవరు అడిగినా ఆ పుస్తకానికి హీరో రోరనే అంటాను.

ఇంకొకటి కూడా ఉంది. మొదటి భాగంలో ఎరగాన్ ఒక పసిపాపని ప్రాచీన భాషలో దీవిస్తాడు. ఆ లోకంలో ఆ భాషలో అన్న మాట జరిగి తీరుతుంది. రెండో భాగంలో తెలుస్తుంది, వ్యాకరణం తప్పిందని. కీడు నుంచి నీకు రక్ష దొరకాలి అనబోయి, నువ్వే రక్షవి కావాలి అన్నాడు. దాంతో ఎల్వా అనే ఆ పిల్ల చుట్టుపక్కలవాళ్ళ నొప్పులన్నీ తనమీద వేసుకోవాల్సి వస్తుంది. ఆ వ్యాకరణం పాఠాలు ఎందుకో నాకప్పుడు వెలిగింది. ఆ తప్పు మాత్రం ఏ పండుగ రాత్రీ మాయం కాలేదు, పుస్తకం అయిపోయేదాకా అలాగే ఉంది. ఇంత తెలిసిన రచయిత ఆ వీపుని ఎందుకు నయం చేశాడా అని ఇప్పటికీ నా ఫిర్యాదు.

ఇక మీ సంగతి. మీ వాణ్ణి "ఎందుకు నచ్చలేదు?" అని అడక్కండి, స్లిప్ టెస్ట్‌లో ప్రశ్నలా ఉంటుంది. "ఏ పేజీ దగ్గర మూసేశావు?" అని అడగండి. విసుగొచ్చి మూశాడా, కోపమొచ్చి మూశాడా అన్నది ఆ పేజీలో తేలిపోతుంది. విసుగైతే వదిలేయండి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి తీసుకెళ్ళి వేరే ఏదైనా వెతుక్కోనివ్వండి. కోపమైతే వాడికి ఆ కథ ఇంకా కావాలన్నమాట.

అయినా సరే మూడోది ఇప్పుడే కొనకండి, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోమనండి. మా సిరీస్ మూడు భాగాలే అన్నారు, నాలుగయ్యాయి. మూడోది 2008లో, నాలుగోది 2011లో వచ్చాయి. అప్పటికి నాకు ఉద్యోగం కూడా వచ్చేసింది. మూడోది అరువు తెచ్చుకుని చదివాను. నాలుగోది ఇప్పటికీ తెరవలేదు, నాకేమీ కాలేదు.

నా 'ఎల్డెస్ట్' అమ్మ దగ్గరే ఉంది. కొన్నాళ్ళు బియ్యం డబ్బా మూత మీద బరువుకి వాడింది. ఆ పండుగ అధ్యాయం దగ్గర గాజువాక బస్సు టికెట్ ఇంకా అలాగే ఉంది, రోరన్ అధ్యాయాలన్నిటికీ పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఉన్నాయి. మీ వాడికి కావాలంటే చెప్పండి, ఇస్తాను.