మాండరిన్ చేప పెల్లెట్లు ముట్టడం లేదు, రాళ్ల మీద ఏరుకుంటోంది కదా, పర్వాలేదా?

మూడు నెలల కిందట మొదలుపెట్టిన వంద లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో వేశానన్నారు, పది రోజులైనా పెల్లెట్లు తినలేదన్నారు. పర్వాలేదని మాత్రం అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి మాండరిన్ ఆరు వారాల పాటు పొద్దస్తమానం రాళ్లను పొడుస్తూనే ఉంది, రంగు కూడా తగ్గలేదు, ఒకరోజు పొద్దున చూస్తే చనిపోయి ఉంది. అది ఆకలితో చచ్చిపోతోందని నాకు అర్థమే కాలేదు, ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

అది ఏరుకునేది కోపీపాడ్‌ల లాంటి కంటికి ఆనీ ఆనని పురుగుల్ని. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు పగడపు దిబ్బల్లో అవి అంతులేకుండా ఉంటాయి కాబట్టి ఈ చేప కొంచెం కొంచెంగా రోజంతా తింటూనే ఉంటుంది, ఒకేసారి కడుపు నింపుకుని ఊరుకునే రకం కాదు. మూడు నెలల ట్యాంకులో ఉన్న కాసిని పురుగులూ కొద్ది రోజుల్లోనే అయిపోతాయి, ఆ తర్వాత అది పొడుస్తున్నది ఉత్త రాయినే.

ముందు దాన్ని పైనుంచి చూడండి. పక్కనుంచి చూస్తే తెలియదు. తల వెనక వీపు సన్నబడినా, పొట్ట లోపలికి పోయినా వెంటనే బ్రైన్ ష్రింప్ (చేపలకు మేతగా వేసే బుల్లి రొయ్యల్లాంటివి) గుడ్లు ఉప్పునీటిలో పొదిగించండి, ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. పంపు ఆపేసి, సిరంజితో దాని మూతి దగ్గరే మెల్లగా వదలండి, రోజుకు మూడు నాలుగు సార్లు. మిగతా చేపలు చురుగ్గా ఉంటే దీనికి ఏమీ మిగలనివ్వవు, అందుకే నేను చిన్న గాజు సీసాను అడుగున పడుకోబెట్టి అందులో వదిలేవాణ్ణి, అదే వెతుక్కుంటూ లోపలికి వెళ్లేది. కోపీపాడ్‌లు దొరికితే రాత్రి లైట్లు ఆర్పాక వేయండి, దాక్కోవడానికి వాటికి సమయం దొరుకుతుంది.

వారంలో పొట్ట నిండకపోతే, ఏడాది దాటిన పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. మనసొప్పదు, తెలుసు. చేపల్లో కనిపించే నీలం చాలావరకు వెలుగు చేసే మాయే, దీని ఒంటి మీదున్నది మాత్రం అసలైన నీలి వర్ణద్రవ్యం, అలాంటిదాన్ని వదులుకోవడం కష్టమే. రెండోసారి నేను ఏడాది ఆగి, ట్యాంకుల్లోనే పుట్టి పెరిగిన పిల్లను తెచ్చుకున్నాను, అది మొదటి వారంలోనే ఫ్రోజెన్ ఫుడ్ తినేసింది.

పైనుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టండి, ఎంత చిక్కిందో చూసి చెబుతాను.