అవే జర్నల్స్, కానీ ఒక్కో లైబ్రరీకి ఒక్కో రేటు ఎందుకు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జర్నల్ (పరిశోధన పత్రికల) సబ్‌స్క్రిప్షన్ల మీదే ఉన్నాయి. రెన్యువల్ టైమ్ కదా, అందరూ ఒకే తలనొప్పితో ఉన్నట్టున్నారు. ఒకేలా ఉన్నవి కలిపేసి నాలుగు ప్రశ్నలుగా ఇస్తున్నా, మొదటి జవాబు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: సార్, నేను ఒక చిన్న కాలేజీ లైబ్రరీ చూసుకుంటాను. రెన్యువల్ కొటేషన్ వచ్చింది, జర్నల్స్ అవే, చదివేవాళ్ళూ వాళ్ళే, రేటు మాత్రం బాగా పెరిగింది. ఇదేంటని అడిగితే మీ సంస్థ పై టియర్‌లోకి వెళ్ళింది అన్నారు. అసలు టియర్ అంటే ఏంటి, జర్నల్‌కి ఒక రేటు అంటూ ఉండదా?

జవాబు: ఒకప్పుడు ఉండేదండీ. ప్రింట్ రోజుల్లో ప్రతి జర్నల్‌కి ఏడాదికి ఇంత అని రేటు ఉండేది, మనిషికైతే ఒకటి, లైబ్రరీకైతే ఇంకోటి, అంతే. రేట్ల లిస్ట్ చూసి నచ్చింది తెప్పించుకునేవాళ్ళం, భారమైతే ఒకటి ఆపేసేవాళ్ళం. ఆపేసినా పాత సంచికలు బైండ్ చేయించి ర్యాక్‌లో పెట్టుకున్నవి మనవే, వాటిని ఎవరూ పట్టుకుపోలేరు.

1990లలో జర్నల్స్ ఆన్‌లైన్‌కి వచ్చాక లెక్క మారింది. 1996లో అకడమిక్ ప్రెస్ అనే పబ్లిషర్ తన జర్నల్స్ అన్నీ కట్టగట్టి లైబ్రరీల గుంపులకి ఒకే కాంట్రాక్ట్ మీద ఇవ్వడం మొదలుపెట్టింది, తర్వాత మిగతా పెద్ద పబ్లిషర్లూ అదే దారి పట్టారు. దానికి బిగ్ డీల్ అనే పేరు 2001లో వచ్చింది, పెట్టింది విస్కాన్సిన్ యూనివర్సిటీ లైబ్రరీ డైరెక్టర్ కెనెత్ ఫ్రేజియర్. ఈ బేరంలోకి దిగితే తర్వాత బయటపడలేరు, సంతకం పెట్టకండి అని ఆయన అప్పుడే చెప్పాడు. ఎందుకంటే ఆ ప్యాకేజీ రేటుకి పునాది ఏంటంటే, మీరు అంతకుముందు ప్రింట్‌కి ఎంత కడుతున్నారో అదే. దాని మీద ఏటా ఇంత శాతం పెంపు. 5 శాతమే కదా అనిపిస్తుంది, 15 ఏళ్ళు అలా పెరిగితే రెట్టింపు దాటిపోతుంది. పైగా ప్యాకేజీలో అక్కర్లేనివి తీసేస్తామంటే కుదరదు, లేదా నామమాత్రంగా కుదురుతుంది.

అంటే జర్నల్ విలువ చూసి కాదు, కొనేవాళ్ళ పాత బిల్లు చూసి రేటు కట్టారన్నమాట. ఇప్పటికీ చాలా చోట్ల ఆ పాత బిల్లు నీడే మన మీద ఉంది, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఇక టియర్ సంగతి. పాత బిల్లు పద్ధతి బాలేదని పబ్లిషర్లకీ తెలుసు, అందుకని చాలామంది సంస్థ సైజును బట్టి రేటు పెట్టడం మొదలుపెట్టారు. ఎంతమంది ఫుల్ టైమ్ విద్యార్థులు, పీహెచ్‌డీలు ఇస్తారా లేదా, అధ్యాపకులు ఏడాదికి ఎన్ని పేపర్లు రాస్తారు, పోయినేడు ఎన్ని డౌన్‌లోడ్లు, ఇలాంటివి చూసి ఒక మెట్టు మీద కూర్చోబెడతారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మెట్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో గీత గీసేది వాళ్ళే, వాళ్ళు గీత కాస్త జరిపితే మీరు కదలకుండానే పై మెట్టు మీద ఉంటారు. 2012లో అమెరికాలో సునీ పాట్స్‌డామ్ అనే చిన్న కాలేజీ అమెరికన్ కెమికల్ సొసైటీ ప్యాకేజీని వదిలేసింది, ఆ ఒక్కటే లైబ్రరీ కొనుగోళ్ళ బడ్జెట్‌లో 10 శాతం దాటిపోతోందని. కెమిస్ట్రీ అధ్యాపకులతో ముందే కూర్చుని మాట్లాడి, వాళ్ళు సరేనన్నాకే వదిలారు, అది గమనించాలి.

మీరు చేయాల్సిన మొదటి పని, ఏ లెక్క మీద ఈ టియర్ వేశారో రాతపూర్వకంగా అడగండి. విద్యార్థుల సంఖ్య ఎంత తీసుకున్నారు, ఏ ఏడాదిది, ఎక్కణ్ణించి తీసుకున్నారు అని. మా దగ్గర ఒకసారి ఇలాగే పై మెట్టు వేస్తే, వాళ్ళు తీసుకున్న సంఖ్య మా సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న మొత్తం అడ్మిషన్లని తేలింది. అందులో మూడు నెలల షార్ట్ కోర్సుల వాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకి అసలు మా లైబ్రరీ లాగిన్నే లేదు! ఆ పేర్లు తీసేసి రిజిస్ట్రార్ సంతకంతో కొత్త లెక్క పంపితే పాత మెట్టుకే దించారు. ఒక్క ఉత్తరం, అంతే. కొటేషన్ అంటే తుది మాట అనుకుని ఫైల్ ముందుకు నెట్టేస్తాం, అది వాళ్ళ మొదటి మాట మాత్రమే అని మనకి ఎవరూ చెప్పరు.

ప్రశ్న: ఇదే ప్యాకేజీకి మాలాంటి ఇంకో యూనివర్సిటీ ఎంత కడుతోందో తెలుసుకోవచ్చా? మా ఏజెంట్ అది కాన్ఫిడెన్షియల్ అంటున్నాడు.

జవాబు: కాంట్రాక్ట్‌లో రహస్యం క్లాజ్ ఉంటే వాళ్ళు చెప్పకూడదు, నిజమే. ఆ క్లాజ్ ఎవరికి ఉపయోగమో 2014లో బయటపడింది. బెర్గ్‌స్ట్రామ్, కోరంట్ మొదలైన ఆర్థికవేత్తలు అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీల కాంట్రాక్టులని సమాచార హక్కు లాంటి చట్టాల కింద తెప్పించి, అమెరికా సైన్స్ అకాడమీ వాళ్ళ పీఎన్ఏఎస్ జర్నల్‌లో వేశారు. 2009లో ఎల్సేవియర్ అనే పెద్ద పబ్లిషర్ ప్యాకేజీకి మిషిగన్ యూనివర్సిటీ దాదాపు 21.6 లక్షల డాలర్లు కడితే, దాదాపు అలాంటిదే అయిన విస్కాన్సిన్ కట్టింది 12.2 లక్షలు. గట్టిగా బేరమాడినవాళ్ళకి ఒక రేటు, ఆడనివాళ్ళకి ఒక రేటు. కార్నెల్ యూనివర్సిటీ లైబ్రరీ అయితే 2011లోనే, ఇకమీదట రహస్యం క్లాజ్ ఉన్న కాంట్రాక్టుల మీద సంతకం పెట్టం అని ప్రకటించేసింది. మీరూ రెన్యువల్‌లో ఆ క్లాజ్ కొట్టేయమని అడగండి. ఒప్పుకోకపోయినా అడిగినట్టు ఫైల్‌లో ఉంటుంది, రేపు కన్సార్షియంలో (కలిసి కొనే లైబ్రరీల గుంపులో) చేరి బేరమాడేటప్పుడు అది పనికొస్తుంది.

ప్రశ్న: పెద్ద పెద్ద యూనివర్సిటీలే ప్యాకేజీలు ఆపేస్తున్నాయి కదా, మేమూ ఆపేద్దామని కమిటీలో ఒకాయన పట్టుబడుతున్నారు. భయంగా ఉంది. ఆపేస్తే ఏమవుతుంది?

జవాబు: భయపడాల్సిన పని లేదు, అలాగని తొందరపడొద్దు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా 2019 ఫిబ్రవరిలో ఎల్సేవియర్‌తో మాటలు తెంపేసుకుంది, రెండేళ్ళు అలాగే ఉండి 2021 మార్చిలో తమకి నచ్చిన షరతుల మీద ఒప్పందం చేసుకుంది. జర్మనీలో కూడా చాలా సంస్థలు ఏళ్ళ తరబడి ఆ జర్నల్స్ లేకుండానే నడిపాయి, 2023లో గానీ ఒప్పందం కుదరలేదు. అయితే అమెరికాలో వచ్చే పరిశోధనలో దాదాపు 10 శాతం కాలిఫోర్నియా యూనివర్సిటీదే. వాళ్ళు లేచి వెళ్ళిపోతే పబ్లిషర్ వెనక పరిగెత్తుకొస్తాడు, మీరు వెళ్ళిపోతే పట్టించుకోకపోవచ్చు. చిన్న లైబ్రరీ బలం వేరే చోట ఉంది, అది తన వాడకం లెక్క.

వాడకం రిపోర్టులు కౌంటర్ అనే ఫార్మాట్‌లో (పబ్లిషర్లు వాడకాన్ని ఒకేలా లెక్కపెట్టడానికి పెట్టుకున్న ప్రమాణం) పబ్లిషర్ సైట్‌లోనే దొరుకుతాయి. మనవాళ్ళు మొత్తం డౌన్‌లోడ్లు చూసి రేటుని దాంతో భాగిస్తారు, అక్కడే దెబ్బతింటారు. ఉదాహరణకి ఒక జర్నల్ 2,400 డాలర్లు, మొత్తం 400 సార్లు తెరిచారు అనుకోండి, ఒక్కోసారికి 6 డాలర్లు, చవకే కదా అనిపిస్తుంది. ఇప్పుడు అదే రిపోర్టులో యూనిక్ అనే వరస చూడండి. ఒకే మనిషి ఒకే వ్యాసాన్ని ముందు స్క్రీన్ మీద చదివి వెంటనే పీడీఎఫ్ దించుకుంటే మొత్తంలో రెండు, యూనిక్‌లో ఒకటి పడుతుంది. యూనిక్ 260 వచ్చింది అనుకుందాం. అందులో 90 ఓపెన్ యాక్సెస్ వ్యాసాలు, డబ్బు కట్టకపోయినా దొరికేవి. ఇంకో 110 పాత సంవత్సరాల వ్యాసాలు, వాటి మీద మీకు ఇప్పటికే శాశ్వత హక్కు (చందా ఆపేసినా చదువుకునే హక్కు) ఉంది. మిగిలింది 60. అంటే 2,400 కడుతున్నది ఆ 60 కోసం, ఒక్కోటి 40 డాలర్లు! అప్పుడు ఆ 60 విడిగా తెప్పించుకోవడమా, వేరే లైబ్రరీ నుంచి అడిగి తీసుకోవడమా అని కమిటీ ముందు పెట్టొచ్చు. ఏ సంవత్సరం వ్యాసాలు ఎన్నిసార్లు తెరిచారో చూపించే రిపోర్టు విడిగా ఉంటుంది, అది తప్పకుండా దించుకోండి.

శాశ్వత హక్కు అన్నాను కదా, అది మీ కాంట్రాక్ట్‌లో ఉందో లేదో ఆపేయడానికి ముందు చూసుకోండి, తర్వాత కాదు. చాలా ఏళ్ళ క్రితం నేను ఒక ప్యాకేజీ ఆపించాను, పన్నెండేళ్ళు కట్టిన ప్యాకేజీ. డిసెంబర్ 31 దాకా అన్నీ తెరుచుకున్నాయి, జనవరి మొదటి పనిరోజున ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చి, ఆరేళ్ళ కిందటి పేపర్ కూడా డబ్బు అడుగుతోంది మేడమ్ ఏం చేయాలని మా అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని అడిగింది. కాంట్రాక్ట్ తీసి చూస్తే శాశ్వత హక్కు మేము మొదట్లో ప్రింట్‌లో తెప్పించిన టైటిల్స్‌కి మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంది, మిగతావన్నీ పన్నెండేళ్ళూ అద్దెకి చదివినట్టు. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను. సంతకం పెట్టింది నేనే. అప్పట్నుంచి ఏ కాంట్రాక్ట్ వచ్చినా రేటు పేజీ కంటే ముందు ఆ క్లాజే వెతుకుతాను.

ప్రశ్న: ఇప్పుడు కొత్తగా రీడ్ అండ్ పబ్లిష్ అంటున్నారు, చదవడానికీ రాయడానికీ కలిపి ఒకే ఫీజు. ఇది మంచిదా?

జవాబు: ఎవరికి అనేదాన్ని బట్టి. మామూలు సబ్‌స్క్రిప్షన్‌లో డబ్బు కట్టేది చదవడానికి. ఈ పద్ధతిలో అదే డబ్బుతో మీ సంస్థవాళ్ళు రాసిన పేపర్లు ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదివేలా బయటికి వస్తాయి. 2019లో జర్మనీ సంస్థలు వైలీ అనే పబ్లిషర్‌తో చేసుకున్న ఒప్పందంలో లెక్క పేపర్‌కి 2,750 యూరోలు. అంటే మీటర్ చదివేవాళ్ళ దగ్గర్నుంచి రాసేవాళ్ళ దగ్గరికి జరిగింది. ఏడాదికి వేల పేపర్లు రాసే యూనివర్సిటీకి బిల్లు పెరగొచ్చు, చదవడమే తప్ప పెద్దగా రాయని కాలేజీకి తగ్గాలి. తగ్గాలి అంటున్నా, తగ్గుతుందని కాదు. చిన్న కాలేజీకి కూడా పాత బిల్లునే తెచ్చి పైన కొత్త పేరు అతికించిన కొటేషన్లు నేను చూశాను. మీ అధ్యాపకులు పోయిన మూడేళ్ళలో ఆ పబ్లిషర్ దగ్గర ఎన్ని పేపర్లు వేశారో లెక్కపెట్టండి, పది కూడా లేకపోతే ఈ బేరం మీకోసం తయారుచేసింది కాదు. ఇంకో మాట, ఫీజు కట్టలేని చోట రాసేవాళ్ళ సంగతేంటి అనేదానికి ఈ పద్ధతిలో సరైన జవాబు లేదు, అది నాకు అస్సలు మింగుడుపడదు.

అందుకే నాకు సబ్‌స్క్రైబ్ టు ఓపెన్ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది. లైబ్రరీలు ఎప్పటిలాగే చందా కడతాయి, సరిపడా మంది కడితే ఆ ఏడాది సంచికలు అందరికీ తెరిచేస్తారు, రాసేవాళ్ళ దగ్గర పైసా తీసుకోరు. ఆన్యువల్ రివ్యూస్ సంస్థ 2023లో తన 51 జర్నల్స్‌నీ ఈ పద్ధతిలో పెట్టింది. మరోవైపు దేశం మొత్తానికి ప్రభుత్వమే ఒక్కసారి కట్టే పద్ధతి ఉంది, మన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అదే. 2025 నుంచి మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, ప్రభుత్వ సంస్థలకి. మీది ఆ జాబితాలో ఉంటే, అందులో వచ్చే టైటిల్స్‌కి విడిగా కూడా కడుతున్నారేమో ఈ వారమే సరిచూసుకోండి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి ఐఎస్ఎస్ఎన్ నంబర్లతో (జర్నల్‌కి ఇచ్చే గుర్తింపు నంబర్) పోల్చండి. పేర్లతో పోలిస్తే తప్పిపోతాయి, జర్నల్స్ పేర్లు మారుతుంటాయి.