ఇంట్లో చెప్పని ఆ ఒక్క సబ్జెక్టు

ప్రశ్న: జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కళాశాలలో బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. మొదటి ఏడాది గణితం రెండుసార్లు తప్పాను. ఇంట్లో మాత్రం అన్నీ పాసయ్యానని చెప్పాను. ఈసారి సప్లిమెంటరీకి మిత్రుడు స్లిప్పులు రాసిచ్చాడు. విషయం తెలిస్తే నాన్న తట్టుకోలేరు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు గణితం కంటే నాన్నగారంటే భయమే ఎక్కువగా కనిపించింది. స్లిప్పుతో గట్టెక్కినా ఆ భయం తీరదు, ఎందుకంటే దాచవలసిన విషయం ఒకటి కాస్తా రెండవుతుంది. ఇక పట్టుబడితే జరిగేది చూడండి. విశ్వవిద్యాలయ నిబంధనల ప్రకారం స్లిప్పు వాడకపోయినా, దగ్గర ఉంటే చాలు, హాలు నుంచి పంపించి ఆ సబ్జెక్టు రద్దు చేస్తారు. చూసి రాసినట్లు తేలితే అప్పటికే రాసిన ఇతర సబ్జెక్టులు, ప్రాక్టికల్స్ కూడా రద్దవుతాయి, ఆ సెమిస్టర్‌లో మిగిలిన పరీక్షలు రాయనివ్వరు.

పైగా అది గణితం. ఒక విద్యార్థి నాకు బస్సు టికెట్టంత కాగితం చూపించాడు. చీమల బారు లాంటి అక్షరాలతో దానిమీద ఒక మాత్రిక లెక్క పూర్తిగా చేసి ఉంది. అవే అంకెలతో ప్రశ్న వస్తే తప్ప అది ఎందుకూ పనికిరాదు! మీ ఆర్22 నిబంధనల్లో 60 మార్కుల పరీక్షకు 21 వస్తే చాలు, అయితే ఇంటర్నల్స్‌తో కలిపి నూటికి 40 ఉండాలి. పార్ట్-ఏకు 10 మార్కులు. పార్ట్-బీలో యూనిట్‌కొక 10 మార్కుల ప్రశ్న, ప్రతిదానికీ ఛాయిస్. మొదటి రెండు యూనిట్లు మాత్రికలు, ఐగెన్ విలువలే కనుక, పద్ధతి చేతికి వచ్చేదాకా పాత ప్రశ్నపత్రాల్లోని లెక్కలు చేయండి, మూడో యూనిట్ కూడా కలుపుకోండి.

నాన్నగారికి ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని, పరీక్షకు ముందే చెప్పండి. తప్పినందుకంటే దాచినందుకే ఆయన ఎక్కువ నొచ్చుకుంటారు కాబట్టి, ఆ మాటతోనే మొదలుపెట్టండి. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి కానీ, ఆమెచేత చెప్పించకండి. ఈలోగా ఆందోళనతో నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ స్లిప్పులు మాత్రం ఈరోజే చింపేయండి. జేబులో మరచిపోయానన్న మాట స్క్వాడ్ వాళ్లు ప్రతి పరీక్షలోనూ వింటూనే ఉంటారు.