హాస్టల్ బాకీ కోసం లోన్ యాప్ జోలికి వెళ్లొద్దు

ప్రశ్న: హైదరాబాద్‌లో బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. మేం బీసీలం. నాన్న లారీ డ్రైవర్. యాక్సిడెంట్ తర్వాత నాలుగు నెలలుగా మంచంలోనే ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రైవేటు హాస్టల్‌కు నెలకు 6,500. రెండు నెలలు బాకీ పడటంతో ఖాళీ చేయమన్నారు. పది రోజులుగా ఫ్రెండ్స్ రూముల్లో పడుకుంటున్నాను. సామాన్లు హాస్టల్‌లోనే ఉన్నాయి. ఇంట్లో చెప్పలేదు. యాప్‌లో 15,000 అప్పు తీసుకోనా?

జవాబు: వద్దు. మీ ఉత్తరం చదివాక ముందు ఈ మాటే చెప్పాలనిపించింది. వారం రోజుల అప్పులిచ్చే యాప్‌లు పది వేలని చెప్పి ఏడు వేలే చేతిలో పెట్టిన సంగతులు మన దగ్గర చాలా జరిగాయి. ఏడు వేలకు వారంలో మూడు వేలు అదనంగా కట్టాలన్నమాట. రెండో వారం ఆ బాకీ తీర్చడానికి ఇంకో యాప్ వెతుక్కోవాల్సి వస్తుంది.

అసలు మీకు కావాల్సింది 15,000 కాదు. చేరేటప్పుడు ఒక నెల అడ్వాన్స్ కట్టే ఉంటారు కదా! బాకీ 13,000లో అది పోతే మిగిలేది 6,500. ఓనర్‌తో మాట్లాడి, ఆ మిగిలినదాన్ని మూడు వాయిదాల్లో కడతానని వాట్సాప్‌లో రాసి పెట్టండి. సామాన్లు తెచ్చేసుకోండి. ఆ హాస్టల్‌లోనే కొనసాగితే వచ్చే నెలా ఇదే ఇబ్బంది.

రేపే మీ ప్రిన్సిపల్‌ను కలవండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాలేజీ హాస్టల్‌లో ఖాళీ ఉందేమో, ఫీజు తర్వాత కట్టే వీలుందేమో అడగండి. అక్కడి నుంచి జిల్లా బీసీ సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లండి. ఆ శాఖ నడిపే కాలేజీ విద్యార్థుల హాస్టళ్లలో చదువు మధ్యలో మానేసినవారి సీట్లు ఖాళీ అవుతుంటాయి. వాటి సంగతి వార్డెన్లకే ముందు తెలుస్తుంది, కాబట్టి ఒకరిద్దరు వార్డెన్లను నేరుగా కలవండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈ-పాస్‌లో మీ దరఖాస్తు ఏ దశలో ఉందో కూడా చూసుకోండి. సీటు దొరికేదాకా భోజనానికి జీహెచ్‌ఎంసీ 5 రూపాయల కేంద్రాలు ఉన్నాయి. కడుపు మాడ్చుకోకండి.

మిగిలిన చదువుకు విద్యారుణం అడగండి. ఇది ట్యూషన్ ఫీజుకే అని చాలామంది అనుకుంటారు. హాస్టల్ ఖర్చుకూ ఇస్తారు, బయట ఉండాల్సి వస్తే సహేతుకమైన వసతి, భోజనం ఖర్చులనూ లెక్కలోకి తీసుకుంటారు. బ్యాంకుల ఉమ్మడి నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా మార్జిన్, అంటే ఖర్చులో మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా, అక్కర్లేదు. మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, కాలేజీకి న్యాక్ గానీ కోర్సుకు ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉంటే, చదువు కాలానికీ ఆ తర్వాత ఏడాదికీ వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. దాని గురించి బ్యాంకులో మీరే అడగండి. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టొచ్చు.

ఈ రుణానికి సాధారణంగా నాన్న గానీ అమ్మ గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి, కాబట్టి ఇంట్లో చెప్పక తప్పదు. నాన్నకు బాధ కలుగుతుందని దాచారు, అర్థమైంది. కానీ కొడుకు పది రోజులుగా చోటు లేక తిరుగుతున్నాడని రేపు ఇంకెవరో చెబితే ఆయనకు ఇంకా కష్టంగా ఉంటుంది. ఈ ఆదివారం ఊరెళ్లి పక్కన కూర్చుని చెప్పండి. మీ సేవలో ఆదాయ, కుల ధ్రువపత్రాలకు దరఖాస్తు పెట్టి, సంతకం పెట్టేవారి ఆధార్, పాన్ కాపీలు తీసుకుని రండి.