జీఎన్‌ఎం రెండో ఏడాది... అమ్మాయి ఏడుస్తోంది, మాన్పించాలా?

ప్రశ్న: మా బిడ్డ ఇంటర్ బైపీసీ అయ్యాక జీఎన్‌ఎం అనే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమాలో చేరింది. ఇప్పుడు రెండో ఏడాది. ఆస్పత్రిలో మెడికల్, సర్జికల్ వార్డుల్లో డ్యూటీలు వేస్తున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది. పుండ్లు కడగడం, బెడ్‌ప్యాన్లు పెట్టడం చేయిస్తున్నారట. ఒకరోజు డ్రెస్సింగ్ చూస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. బీఎస్సీ నర్సింగ్‌కి మారిస్తే ఈ పని తప్పుతుందా? తెలిసినాయన ఒకరు వేరే కాలేజీలో సీటు ఇప్పిస్తానంటున్నారు. రోజూ వెళ్లక్కర్లేదట, ఆ టైమ్‌లో హైదరాబాద్‌లో ఉండి జర్మన్ నేర్చుకుంటే నేరుగా జర్మనీ పంపిస్తారట. ఈ మూడింట్లో ఏది మంచిది?
– ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. ఊరు మారుతుంది, సమయం మాత్రం మారదు. మొదటి ఏడాది ల్యాబ్‌లో బొమ్మ మీద మొదలుపెట్టిన పిల్లలు రెండో ఏడాది మెడికల్, సర్జికల్ వార్డులకి వెళ్తారు. వెళ్లిన రెండు మూడు నెలలకి ఇళ్లలో ఈ టెన్షన్ మొదలవుతుంది.

ముందు అమ్మాయి సంగతి చెబుతాను. కళ్లు తిరిగి పడిపోయినంత మాత్రాన ఆ పిల్ల నర్సింగ్‌కి పనికిరాదని కాదు. పొద్దున్నే హాస్టల్లో ఒక టీ తాగి పరిగెత్తి, గంటసేపు కదలకుండా నిలబడి, జన్మలో మొదటిసారి షుగర్ పుండు విప్పగా చూస్తే ఎవరికైనా అంతే. ఏదో ఒకటి తిని వెళ్లమనండి. డ్రెస్సింగ్ దగ్గర ఊరికే చూస్తూ నిలబడకుండా ట్రే అందించే పని అడిగి తీసుకోమనండి. చేతికి పని ఉంటే మనసు పుండు మీద కాకుండా పని మీద ఉంటుంది. తల తిరిగినట్టు అనిపించగానే కింద కూర్చోమనండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాకు తెలిసిన ఒకావిడ స్టూడెంట్‌గా రెండుసార్లు అలా పడిపోయారు. ఇవాళ ఆవిడ ఐసీయూ ఇన్‌చార్జి.

ఇక మీ సంగతి. కాస్త గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘ఈ పని తప్పుతుందా’ అన్నది. అమ్మాయి వాసనకి, నొప్పికి భయపడుతోంది. ఆ భయం తగ్గుతుంది. మీరు మాత్రం ఆ పనికే చిన్నబోతున్నారు. మా బిడ్డతో బెడ్‌ప్యాన్లు పెట్టిస్తారా, రేపు సంబంధాలు వచ్చినప్పుడు ఏం చెప్పుకోవాలి అన్న బాధ ప్రతి లైనులోనూ కనిపిస్తోంది. మీరు పైకి అనకపోయినా మీ గొంతులో ఆ పిల్లకి అది వినపడుతుంది. తండ్రే నామోషీ పడుతుంటే, చేస్తున్న పని గొప్పదని పందొమ్మిదేళ్ల పిల్ల ఎలా నమ్ముతుంది?

ఆ పని ఎందుకు నేర్పిస్తారో నేను కళ్లారా చూశాను. ఆరేళ్ల కిందట మా అమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆ సాయంత్రం వార్డులో పక్కనే కూర్చున్నాను. రెండో ఏడాది స్టూడెంట్ ఒకమ్మాయి వచ్చింది. బీపీ చూసింది. మణికట్టు పట్టుకుని వాచీ చూస్తూ నిమిషం మొత్తం నాడి లెక్కపెట్టింది. యూరిన్ బ్యాగ్ ముందు గొంతుక్కూర్చుని, గీత కంటికి ఎదురుగా వచ్చేలా చూసి కొలత రాసుకుంది. పైన కట్టు తెల్లగా, పొడిగా ఉంది. నేనైతే అంతా బాగుందనుకున్నాను. ఆ పిల్ల గ్లౌజు వేసుకుని అమ్మ నడుము కిందికి చెయ్యి పోనిచ్చింది. బయటికి తీస్తే గ్లౌజు ఎర్రగా ఉంది. రక్తం పల్లానికి పోతుంది కదా, వెల్లకిలా పడుకున్న మనిషికి అది కట్టు పైన కనపడకుండా వీపు కింద చేరుతుంది. నాడి గంట కిందట 88 ఉన్నది అప్పుడు 116. పరుగున వెళ్లి సిస్టర్‌ని తీసుకొచ్చింది. డాక్టర్ వచ్చారు, రక్తం ఎక్కించారు, అమ్మ దక్కింది. అంతకుముందు మధ్యాహ్నం అమ్మకి బెడ్‌ప్యాన్ పెట్టింది, పక్కకి తిప్పి దుప్పటి మార్చింది కూడా ఆ పిల్లే. మనిషిని రోజూ తిప్పి, తుడిచి, దుప్పటి మార్చే చేతికే కింద ఒకసారి తడిమి చూడాలని తోస్తుంది.

ఇంకో చిన్న విషయం. ఇన్సులిన్ సీసాల్లో మన దగ్గర మిల్లీలీటరుకి 40 యూనిట్లవి ఎక్కువ వాడతారు, 100 యూనిట్లవీ ఉంటాయి. నలభైకి ఎర్రమూత సిరంజి, వందకి నారింజమూత సిరంజి. వంద యూనిట్ల సీసాలోంచి ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే పేషెంట్‌కి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. పుస్తకంలో ఇది రెండు లైన్లే. సిస్టర్ పక్కన నిలబడి, లేబుల్ పైకి చదివి, మూత రంగు చూసి, డోసు ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని మందు లాగిన అమ్మాయి దాన్ని బతికున్నంత కాలం మర్చిపోదు.

బీఎస్సీకి మార్చే ఆలోచన గురించి క్లుప్తంగా. అక్కడా ఈ పని తప్పదు. 2021 కొత్త సిలబస్‌లో మెడికల్-సర్జికల్‌కి అడల్ట్ హెల్త్ నర్సింగ్ అని పేరు మార్చారు, వార్డు అదే, మంచం అదే. పైగా జీఎన్‌ఎం మధ్యలో వదిలేస్తే బీఎస్సీలో మళ్లీ మొదటి ఏడాది నుంచి నాలుగేళ్లు చదవాలి. జీఎన్‌ఎం పూర్తి చేసి రిజిస్ట్రేషన్ అయ్యాక రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చు. తెలంగాణలో ప్రభుత్వ స్టాఫ్ నర్స్ పోస్టులకి జీఎన్‌ఎం వాళ్లూ అర్హులే. ఎయిమ్స్‌లో నర్సు ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ పరీక్షకి మాత్రం జీఎన్‌ఎం అయితే కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి, బీఎస్సీకి అక్కర్లేదు. తేడా ఉంది, నేను కాదనను. కానీ చేతిలో ఉన్న ఏడాదిన్నర పారేసుకునేంత తేడా కాదు.

జర్మనీ మాట కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య నా దగ్గరికి వచ్చే ప్రతి ముగ్గురిలో ఒకరు అదే అడుగుతున్నారు. జర్మనీకి నర్సులు కావాలి, అది నిజం. వెళ్లి చక్కగా స్థిరపడ్డ మన పిల్లలూ ఉన్నారు. నా అనుమానమంతా దాన్ని ఇక్కడ అమ్ముతున్న పద్ధతి మీదే. మీకు ఆ పెద్దమనిషి చెప్పి ఉండరు: అక్కడ పేషెంట్‌కి స్నానం చేయించడం, తినిపించడం, బాత్రూమ్‌కి తీసుకెళ్లడం, మంచంలో తిప్పడం నర్సు పనే. మన దగ్గర ఆ పనులు చాలావరకు ఇంటివాళ్లు, ఆయాలు చేస్తారు. అక్కడ పేషెంట్ పక్కన ఇంటివాళ్లు మంచం వేసుకుని ఉండరు. మీరు ఏ పని తప్పించాలని చూస్తున్నారో, జర్మనీ వెళ్తే అమ్మాయి ఆ పనే ఇంకా ఎక్కువ చేయాలి.

ఇంకొకటి. బీ2 స్థాయి, అంటే తడుముకోకుండా మాట్లాడగలిగే స్థాయి జర్మన్ వచ్చినంత మాత్రాన అక్కడ నర్సు అయిపోరు. మన చదువులో థియరీ ఎన్ని గంటలు, ఏ వార్డులో ఎన్ని గంటలు అని కాగితాలు తీసి వాళ్ల చదువుతో పోల్చి చూస్తారు. తగ్గితే అక్కడ ఇంకా ట్రైనింగ్ తీసుకోవాలి, లేదా పరీక్ష రాయాలి. రాయాలి అన్నానుగానీ, అది నోటితో జవాబు చెప్పే పరీక్ష, వార్డులో పేషెంట్ దగ్గర చేసి చూపించే పరీక్ష. కాలేజీకి వెళ్లకుండా సంతకాలు పెట్టించుకున్న రికార్డు పుస్తకం అక్కడ ఎందుకు పనికొస్తుంది?

రోజూ వెళ్లక్కర్లేని కాలేజీ అన్నారే, దాని జోలికి అసలు పోకండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం పరీక్షకి కూర్చోవాలంటే 80 శాతం హాజరు, సర్టిఫికెట్ ఇవ్వాలంటే ప్రాక్టికల్స్‌లో నూరు శాతం పూర్తి కావాలి. ఇది మోసం అని తెలిసి కూడా తండ్రులే డబ్బు కట్టి పిల్లల్ని అందులోకి తోయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రేపు ఆ అమ్మాయి నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక పేషెంట్‌కి ఊపిరి ఆడకపోతే ఏం చేస్తుంది? ఆ పేషెంట్ మీరే అయితే?

జర్మనీ మీద అంత మనసుంటే జీఎన్‌ఎం అయ్యాకే ఆలోచించండి. ముందు విదేశాల్లో ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. ప్రైవేటు ఏజెంటు అయితే కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీగా తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

మీకు కోపం రావాల్సిన విషయాలు వేరే ఉన్నాయి. స్టూడెంట్లకి పేషెంట్లని అప్పగించి నేర్పించే బదులు శాంపిళ్లు ల్యాబ్‌కి మోయించే, స్టాఫ్ లేరని వరసగా నైట్లు వేయించే చోట్లున్నాయి. అమ్మాయిని అడగండి: వార్డులో ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉంటున్నారా? తనకంటూ పేషెంట్లని ఇస్తున్నారా? హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేశారా? సూది గుచ్చుకుంటే వెంటనే ఎవరికి చెప్పాలో తెలుసా? వీటిలో ఏ ఒక్కదానికి ‘లేదు’ అన్నా, మరుసటి రోజే వెళ్లి ప్రిన్సిపాల్‌ని కలవండి. ఆ పోట్లాట మీరు చేయాల్సిందే.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ఎందుకు ఏడుస్తున్నావని అడక్కండి. ఇవాళ ఏ పేషెంట్‌ని ఇచ్చారు బిడ్డా, ఆయనకి ఏం జబ్బు, నిన్నటికంటే ఎలా ఉన్నాడు అని అడగండి. చెప్పనివ్వండి. మధ్యలో జర్మనీ మాట ఎత్తకండి.