అమ్మమ్మ పోగొట్టుకున్న ఉద్యోగాన్ని నేను వదిలేయొచ్చా?

ప్రశ్న: నేను నల్లజాతి అమెరికన్‌ని. మా వారిది తెనాలి. అట్లాంటా శివార్లలో ఉంటాం. ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. పబ్లిక్ స్కూల్లో మూడో తరగతి టీచర్‌గా ఇది నా పదో సంవత్సరం. బాగా అలసిపోయాను. బడిలో ఏ నల్లజాతి పిల్లవాడు అల్లరి చేసినా నా గదికే పంపుతారు. ఫిబ్రవరిలో బ్లాక్ హిస్టరీ కార్యక్రమం మొత్తం నా నెత్తినే. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ పోస్టు అడిగితే "మీరు క్లాసులో ఉంటేనే బాగుంటుంది" అన్నారు. సాయంత్రానికి నాకు గొంతు ఉండదు. "అమ్మా, మాకోసం కొంచెం మాటలు దాచుకోవా" అంది మా పాప. ఒక కంపెనీ ట్రైనింగ్ విభాగంలో జనవరిలో చేరమంటున్నారు. మా అమ్మ ఒప్పుకోవడం లేదు. మా అమ్మమ్మ కూడా టీచరే. 1970లో తెల్లవాళ్ల బడులు, మా బడులు కలిపినప్పుడు ఆమె ఉద్యోగం తీసేశారు. "ఆమె ఏడ్చి పోగొట్టుకున్నదాన్ని నువ్వు కావాలని వదిలేస్తావా" అంటుంది అమ్మ. మా అత్తగారేమో "గవర్నమెంటు టీచరు ఉద్యోగం ఎవరైనా మానేస్తారా" అంటారు. ఆవిడ మీ శీర్షిక తప్పకుండా చదువుతారు. అందుకే మా వారి చేత తెలుగులో రాయిస్తున్నాను.

జవాబు: అమ్మా, మీ పాప మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ పిల్ల నింద వేయలేదు. మీరు అలసిపోయారని అందరికంటే ముందు గమనించింది.

ఉద్యోగం మారడం తప్పు కాదు. కానీ జనవరిలో వద్దు. బడి ఏడాది ముగిసే మే నెలాఖరు దాకా ఆగండి. ఎందుకో చెబుతాను.

మీది జార్జియా రాష్ట్ర టీచర్ల రిటైర్మెంట్ పథకం. అందులో పెన్షన్ హక్కు రావాలంటే పదేళ్ల సర్వీసు నిండాలి. ఇది మీ పదో సంవత్సరం. ఇప్పుడు మానేస్తే మీ జీతంలోంచి కోసిన సొమ్ము, దాని వడ్డీ మాత్రమే చేతికి వస్తాయి. పదేళ్లు నిండితే 60 ఏళ్ల వయసు నుంచి బతికినంతకాలం పెన్షన్ వస్తుంది. ఏడాది సర్వీసుకు రెండు శాతం చొప్పున, ఎక్కువ జీతం వచ్చిన వరుస రెండేళ్ల సగటు మీద లెక్క కడతారు. సగటు 70 వేల డాలర్లు అనుకుంటే ఏడాదికి 14 వేలు. అయిదు నెలల ఓపికకు అది చిన్న మొత్తం కాదు. మానేశాక కూడా ఆ సొమ్ము వెనక్కి తీసుకోకండి, తీసుకుంటే హక్కు పోతుంది. పైగా ఏడాది మధ్యలో స్కూలు బోర్డు ఒప్పుకోకుండా కాంట్రాక్టు వదిలేస్తే మీ టీచింగ్ సర్టిఫికెట్ మీద చర్య తీసుకోవచ్చు. రేపు మళ్లీ బడికి రావాలనిపిస్తే ఆ తలుపు తెరిచే ఉండాలి కదా. జూన్‌లో చేరతానని కంపెనీని అడగండి. కుదరదంటే ఆ ఉద్యోగాన్ని పోనివ్వండి. ఇంకొకటి దొరుకుతుంది.

చదువు అప్పు సంగతి మీరు రాయలేదు. ఉంటే మాత్రం, ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ 120 వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అయ్యే పథకం ఉంది. మీ లెక్క ఎంతదాకా వచ్చిందో చూసుకోండి. 120కి దగ్గర్లో ఉంటే కంపెనీ బదులు ప్రభుత్వ కాలేజీలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో ఉద్యోగం వెతకండి. అక్కడ కట్టే వాయిదాలూ లెక్కలోకి వస్తాయి. ఆరోగ్య ఇన్సూరెన్స్ మీ వారి ఆఫీసు నుంచి తీసుకోవచ్చు. మీది ఆగిపోయిన 30 రోజుల్లోపు అడగాలి. ఈ పని మీ వారిది.

ఇక అసలు విషయం. మిమ్మల్ని అలసిపోయేలా చేసింది పాఠం చెప్పడమా, పాఠం పైన మోపిన బరువా? 2016లో అమెరికా విద్యాశాఖ మంత్రిగా ఉన్న జాన్ కింగ్, తానూ నల్లజాతి టీచరే, దీన్ని కంటికి కనపడని పన్ను అన్నారు. సాటి టీచర్లు క్రమశిక్షణ భారమంతా నల్లజాతి టీచర్ల మీదికి తోసేస్తారు. దానికి జీతం ఉండదు, పదవీ రాదు. ఆ పనిలో మీరు దిట్ట కాబట్టే ప్రమోషన్ ఇవ్వలేదని మీ ఉత్తరమే చెబుతోంది. అక్కడి ప్రభుత్వ బడుల్లో 2020-21 లెక్క ప్రకారం టీచర్లలో నల్లజాతివారు ఆరు శాతం, పిల్లల్లో పదిహేను శాతం. ఈ తేడా పూడ్చే బాధ్యత మీ ఒక్కరి గొంతు మీద పడింది.

ఈ అయిదు నెలలూ ఒక పని చేసి చూడండి. ప్రిన్సిపాల్‌కు మర్యాదగా, కాగితం మీద రాయండి: "నా ప్లానింగ్ పీరియడ్‌లో, లంచ్ టైంలో వేరే క్లాసు పిల్లల్ని పంపవద్దు. ఫిబ్రవరి కార్యక్రమానికి ముగ్గురు టీచర్ల కమిటీ వేయండి, లేదా అదనపు పనికి డబ్బు ఇవ్వండి." భయపడకండి, వెళ్లబోయేవారికి ఈ మాట అనడం కొంచెం తేలిక. ఆ బరువు దిగాక కూడా ఉదయం బడికి వెళ్లబుద్ధి కాకపోతే, ఇక తరగతి గది వదలొచ్చని అర్థం. బరువు దిగగానే ప్రాణం లేచివస్తే, మారాల్సింది వృత్తి కాకపోవచ్చు, ఆ బడి కావచ్చు. ఏది తేలినా, అలసటలో కాక తెలిసి నిర్ణయించుకుంటారు.

ఒక చిన్న మాట. వారాంతపు భోజనాల్లో మన తెలుగువాళ్లు "మూడు నెలల ఐటీ కోర్సు చేసి మారిపోండి" అని మీకు చెప్పే ఉంటారు. ప్రేమతోనే చెబుతారు. ఇష్టం లేని చోటికి ఫీజు కట్టి పరుగెత్తకండి. బడి మానేసి ట్రైనింగ్, పుస్తకాల సంస్థలు, కాలేజీ అడ్మిషన్ల వైపు వెళ్లిన నలుగురైదుగురు టీచర్లతో అరగంట చొప్పున మాట్లాడండి. ఏ సర్టిఫికెట్ కన్నా అది మేలు.

ఇప్పుడు మీ అమ్మగారి బాధ. అది మొండితనం కాదు. 1954లో సుప్రీంకోర్టు జాతిని బట్టి వేరు బడులు చెల్లవంది. తరువాతి ఏళ్లలో దక్షిణాదిలో పిల్లల్ని కలిపారు కానీ వేలమంది నల్లజాతి టీచర్లను, హెడ్మాస్టర్లను బయటికి పంపేశారు. మీ అమ్మమ్మ వాళ్లలో ఒకరు. ఆ ఇంట్లో ఉద్యోగం పోవడం అంటే గాయం. అందుకే మీ అమ్మగారికి తీసేయడం, వదిలేయడం ఒకేలా కనిపిస్తున్నాయి. రెండూ ఒకటి కావు. మీ అమ్మమ్మకు ఎంచుకునే వీలు లేదు. మీకు ఉంది. ఆ మాట ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పండి.

సెప్టిమా క్లార్క్ కథ గుర్తు చేయండి. మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. సౌత్ కరోలినాలో నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన ఆమెను, నల్లజాతి హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనన్నందుకు 1956లో తీసేశారు. పెన్షన్ కూడా పోయింది. ఆ తరువాత ఆమె పెద్దలకు చదవడం, రాయడం నేర్పే పౌరసత్వ బడులను నడిపి, ఓటు నమోదు పరీక్షకు వాళ్లను తయారుచేశారు. తరగతి గది బయట ఆమె చేసింది అంతకు ముందు కంటే పెద్ద పనే. కానీ పోయిన పెన్షన్ రావడానికి 1976 దాకా పట్టింది. నేను మీ పెన్షన్ గురించి ఇంత పట్టుబట్టడం వెనక ఆవిడ ఉన్నారు.

"నేను వెళ్తే ఆ పిల్లలేమవుతారు" అని మీలో ఉంటుంది, రాయకపోయినా. మూడో తరగతి లోపు ఒక్క నల్లజాతి టీచర్ దగ్గర చదువుకున్న నల్లజాతి పిల్లలు కాలేజీలో చేరే అవకాశం 13 శాతం ఎక్కువని అక్కడి ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. ఏడాదికి ఇరవై మంది అనుకున్నా మీ చేతుల మీదుగా రెండు వందల మంది పిల్లలు వెళ్లారు. మీరు వాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చేశారు.

ఈ శీర్షిక చదివే అత్తగారూ, అక్కయ్యగారూ అనే పిలుస్తాను, మీతో ఒక్క మాట. మన దగ్గర డీఎస్సీ అంటే లక్షలమంది ఏళ్ల తరబడి కోచింగ్‌లకు తిరిగే పరీక్ష. 2025లో ఆంధ్రాలో 16,347 పోస్టులకు ఎంత పోటీ పడ్డారో చూశారు. అందుకే ఆ ఉద్యోగం వదలడం మీకు పిచ్చిపనిగా తోస్తుంది. మీ కోడలి ఊళ్లో సంగతి వేరు. అక్కడ టీచర్లు దొరక్క బడులు వెతుక్కుంటున్నాయి. ఆమె మళ్లీ చేరాలంటే చేరగలదు. "మానకు" అనే బదులు "ఎలా ఉన్నావమ్మా" అని అడిగి చూడండి. మీ దగ్గర్నుంచి ఆ మాట ఆమెకు చాలా అవసరం.

బాబూ, తెలుగులో రాసిపెట్టారు, సంతోషం. మీ అమ్మగారికి సర్దిచెప్పే పని మీ భార్యకు వదలకండి, మీరే ఫోన్ చేయండి. ఆ సాయంత్రాలు వంట, పిల్లల హోంవర్క్ మీ చేతిలో ఉంటే, ఆమె గొంతు కొంచెం మీ పాపకు మిగులుతుంది.

అమ్మా, ఈ వారం ఒక్కటే పని. రిటైర్మెంట్ ఆఫీసు నుంచి మీ సర్వీసు లెక్క తెప్పించుకోండి. పదేళ్లు సరిగ్గా ఏ నెలకు నిండుతాయో అందులో ఉంటుంది. ఆ తేదీ చూశాకే రాజీనామా మీద తేదీ వేయండి.